గోడ కట్టిన ఖాళీ

మా బావగారు న్యూజెర్సీలో ఉంటారు. ఆయన ప్లాటు కొండాపూర్‌లో ఉంటుంది. ఆ ప్లాటు ఫోటోలు మాత్రం నెలనెలా మిషిగన్‌లో నా ఫోనులోకి వస్తాయి. ఎన్నారైల స్థలాలు చూసిపెట్టే మనిషొకడు అక్కడ ఉన్నాడు. నెలకింత అని తీసుకుని, నాలుగు మూలల నుంచీ నాలుగు ఫోటోలు కొట్టి పంపుతాడు. బావగారు వాటిని నాకు పంపి, "బావగారూ, మీరు ఇంజనీరు కదా, తూర్పు గోడ కాస్త వంగినట్టు లేదూ?" అంటారు. నేను కారు బ్రేకుల ఇంజనీరుని. గోడల సంగతి నాకేం తెలుసు?

మొన్నటి విడతలో గోడ నిటారుగానే ఉంది. బోర్డే కొత్తది. నీలం మీద తెల్లక్షరాలు: ఈ స్థలము ఫలానా వారిది, సర్వే నంబరింత, ఇన్ని గజములు, అతిక్రమించినవారు శిక్షార్హులు, కింద రెండు ఫోన్ నంబర్లు. మొదటిది బావగారి అమెరికా నంబరు. రెండోది మా మామగారిది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. పెయింటరు పాత బోర్డు చూసి దింపేశాడు. రాత్రి పదకొండింటికి ఎవరైనా ఆ స్థలంలోకి దూకితే ఎవరికి ఫోన్ చేయాలంటారు? ఇద్దరిలో ఒక్కరూ రారు.

హైటెక్ సిటీ చుట్టుపక్కలకి వెళ్లినప్పుడల్లా నాకు కోపమొచ్చేది ఈ బోర్డులు చూసే. మాదాపూర్, కొండాపూర్, హఫీజ్‌పేట, ఏ సందులో దూరినా వీధి పేరు చెప్పే బోర్డు ఉంటే అదృష్టం. స్థలం ఎవరిదో చెప్పే బోర్డు లేని సందు మాత్రం లేదు. కోర్టు కేసులో ఉన్నదని ఒకటి. బ్యాంకు స్వాధీనంలో ఉన్నదని ఒకటి. ఇది ప్రభుత్వ భూమి అని తుప్పు పట్టినది ఒకటి. ఒకే ప్లాటులో ఎదురుబొదురుగా ఇద్దరు యజమానుల పేర్లతో రెండు బోర్డులు నిలబడి ఒకదాన్నొకటి చూసుకుంటుంటాయి. అన్నిటికన్నా నాకు నచ్చేది "ఈ స్థలము అమ్మబడదు" అనేది. అమ్మటం లేదని ఊరందరికీ చెప్పుకోడానికి పెయింటరుకి డబ్బులిచ్చే నగరం నాకు తెలిసి ఇదొక్కటే.

బోర్డు వెనక గోడ. గోడకి డబ్బుల్లేకపోతే కడీలూ ముళ్ల తీగా. మరీ డబ్బుంటే నీలం రేకులు. పోయినసారి వెళ్లినప్పుడు రాయదుర్గం మెట్రో దిగి, మా మేనకోడలి ఆఫీసు దాకా నడుద్దామని బయల్దేరాను. గట్టిగా కిలోమీటరుండదు. కొంతదూరం బ్రహ్మాండమైన ఫుట్‌పాత్, పూలమొక్కలు. ఆ తర్వాత రేకుల గోడ సరిగ్గా తారు అంచు దాకా వచ్చి నిలబడింది. మెడలో ఐడీ కార్డులేసుకున్న పిల్లలు రేకులకీ బస్సుకీ మధ్య ఒకరి వెనక ఒకరు ఒంటివరసలో నడుస్తున్నారు. ఎవరూ విసుక్కోవటం లేదు, విసుక్కున్నది నేనొక్కణ్ణే. "మామయ్యా, ఆటో ఎక్కొచ్చు కదా" అంది మా పిల్ల.

2025 అక్టోబరులో అదే రాయదుర్గంలో ప్రభుత్వ సంస్థ వేసిన వేలంలో ఎకరం 177 కోట్లు పలికింది. 7.67 ఎకరాలకి వెయ్యీ మూడొందల యాభై కోట్ల పైచిలుకు. గజాల్లోకి మార్చుకుంటే గజం మూడున్నర లక్షల పైమాటే. ఆ లెక్క చూశాక గోడలు ఎందుకు కడుతున్నారో కొంత అర్థమైంది. కోపం మాత్రం తగ్గలేదు.

ఇక నేనుండే ఊరి సంగతి. ఇల్లు నోవైలో. అక్కడ కూరగాయల కొట్లో తెలుగు మాట వినపడకుండా కరివేపాకు కొనలేం. ఉద్యోగం డెట్రాయిట్ చుట్టూనే. ఆ ఊరు 1950లో పద్దెనిమిదిన్నర లక్షల మంది ఉన్న ఊరు, 2020 లెక్కల్లో ఆరు లక్షల నలభై వేలు కూడా లేరు. అంటే ప్రతి ముగ్గురిలో ఇద్దరు వెళ్లిపోయారు. వాళ్ల ఇళ్లు కూలి, ఆ స్థలాల్లో గడ్డి మొలిచింది.

ఒక కాకతాళీయం చెప్పాలి. డెట్రాయిట్ నడిబొడ్డున హడ్సన్స్ అని ఒక మహా దుకాణం ఉండేది. మా ఆఫీసులో పాతకాపులు దాని క్రిస్మస్ అలంకరణల గురించి చెప్పేటప్పుడు మన అబిడ్స్ దీపావళి గుర్తొస్తుంది. 1983లో మూతపడింది. 1998 అక్టోబరు 24న మందుగుండు పెట్టి నేలకూల్చారు. సరిగ్గా నెల తిరక్కుండా, నవంబరు 22న, మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ని వాజపేయి ప్రారంభించారు. ఇక్కడ ఊరి గుండెకాయని పడగొట్టిన దుమ్ము ఇంకా సర్దుకోలేదు, అక్కడ రాళ్ల మధ్య కొత్త గుండె కొట్టుకోవటం మొదలైంది. హడ్సన్స్ స్థలంలో మళ్లీ పునాది తవ్వింది 2017 చివర్లో. ఇప్పుడక్కడ పెద్ద టవరుంది. జనరల్ మోటార్స్ తన ప్రధాన కార్యాలయాన్ని అక్కడికే మారుస్తానని 2024లో ప్రకటించింది. పంతొమ్మిదేళ్లు నడివీధిలో ఖాళీ. ఈ విషయంలో మనవాళ్ల పక్షాన కాలరెగరేస్తాను. సైబర్ టవర్స్ పక్కన ఒక్క స్థలం అన్నేళ్లు ఖాళీగా ఉండటం సాధ్యమా?

సాధ్యమే. కొండాపూర్‌లో మా బావగారిది అంతకన్నా ఎక్కువ కాలంగా ఖాళీగా ఉంది.

డెట్రాయిట్‌లో నాకు ముచ్చటేసేది టవర్లు కాదు. అదే డౌన్‌టౌన్‌లో లాఫాయెట్ బిల్డింగ్ అని పాతది ఒకటి 2010లో కూల్చేశారు. వెంటనే కట్టడానికి ఎవరూ రాలేదు. రాకపోతే ఏం చేశారు? మరుసటేడు కూరగాయల తోట వేశారు. టై కట్టుకున్నవాళ్లు మధ్యాహ్నం వచ్చి వంగమొక్కల మధ్య బెంచీల మీద శాండ్‌విచ్ తింటుంటే నేను చూశాను. పేటల్లో అయితే ఇంకా తమాషా. ఊరి ల్యాండ్ బ్యాంకు, ఇంటి పక్కన ఖాళీగా పడున్న స్థలాన్ని ఆ ఇంటాయనకే వంద డాలర్లకి అమ్ముతుంది. గడ్డి కోసుకో, చెట్టు పెట్టుకో, పిల్లల్ని ఆడించుకో అని. వంద డాలర్లు! కొండాపూర్‌లో ఆ డబ్బుకి మా బావగారి బోర్డుకి రంగు కూడా పూర్తిగా రాదు.

ఇదంతా మా బావగారికి ఫోనులో చెప్పాను, చెడ్డ ఉత్సాహంగా. ఆయన ఓపిగ్గా విని, "మీ ఊళ్లో ఆ స్థలం ఎవడిక్కావాలి బావగారూ?" అన్నారు. నిజమే. పోలిక అక్కడే తెగిపోయింది. మనుషులు వెళ్లిపోయిన ఊరి ఖాళీ వేరు, వద్దన్నా వచ్చిపడుతున్న ఊరి ఖాళీ వేరు. గజం మూడున్నర లక్షల నేలలో టమాటాలు పండించమని ఎవరికి చెప్పను?

అయినా నా మనసు ఊరుకోదు, ఎందుకంటే ఖాళీ స్థలాన్ని ఎలా వాడుకోవాలో నేను డెట్రాయిట్‌లో నేర్చుకోలేదు. కూకట్‌పల్లిలోనే నేర్చుకున్నాను. మా నాన్న బాలానగర్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగి. మా వీధి మలుపులో రెండు ప్లాట్లు కలిపి ఖాళీగా ఉండేవి. మస్కట్‌లో పనిచేసే ఒకాయనవి. గోడ లేదు, బోర్డు లేదు. పొద్దున వేపచెట్టు కింద ఇస్త్రీ బండి, సాయంత్రం మా క్రికెట్టు. వినాయక చవితికి పందిరి అక్కడే, ఎవరింట్లో పెళ్లయినా షామియానా అక్కడే, వంటవాళ్ల గాడిపొయ్యి తవ్వేదీ అక్కడే. ఆ గుంత పూడ్చకపోతే మర్నాడు మా ఫాస్ట్ బౌలర్ అందులో పడేవాడు. ఆ మస్కట్ ఆయన ఏడాదికోసారి తెల్లచొక్కాతో వచ్చి, స్థలం మధ్యలో నిలబడి నాలుగు దిక్కులూ చూసేవాడు. మేం బ్యాట్లు దించి పక్కకి నిలబడేవాళ్లం. మా అమ్మో, ఎదురింటి పిన్నిగారో కాఫీ ఇచ్చేవారు. తాగి, "పిల్లలు ఆడుకోనీ అమ్మా, పాములు రాకుండా ఉంటాయి" అని వెళ్లిపోయేవాడు. వీధి వీధంతా ఆయన స్థలానికి కాపలా. నెలనెలా ఫోటోల బిల్లు లేదు.

ఆ మస్కట్ ఆయనకి మా వీధి మీదున్న నమ్మకం మా బావగారికి హైదరాబాద్ మీద ఎందుకు లేదు? ఆయన పిసినారి అని మా ఆవిడ తేల్చేస్తుంది. అన్నయ్య కాబట్టి అనొచ్చు. నాకైతే అసలు కారణం కాగితాల్లో ఉందనిపిస్తుంది. మన దగ్గర రిజిస్ట్రేషన్ ఆఫీసు దస్తావేజుని నమోదు చేస్తుంది, ఆ నేల నీదేనని పూచీ పడదు. ఒకే ప్లాటు ఇద్దరికి రిజిస్టరైన కథ ప్రతి కుటుంబంలో ఒకటుంటుంది. భూకబ్జాల మీద 1982లోనే ప్రత్యేకంగా చట్టం చేసుకోవాల్సొచ్చిందంటే రోగం ఎంత పాతదో చూడండి. మాదాపూర్‌లోనే గురుకుల్ ట్రస్టు భూములు 627 ఎకరాలు. అందులో అయ్యప్ప సొసైటీలో ఇళ్లు కట్టుకున్నవాళ్ల గుమ్మాల ముందుకి 2014 జూన్‌లో కార్పొరేషన్ యంత్రాలు వచ్చినప్పుడు, మా తెలుగు సంఘం పిక్నిక్‌లో బిర్యానీ పళ్లేలు పట్టుకున్న సగం మంది ఫోన్లలో ఉన్నారు. ఇలాంటి చోట పొజిషన్‌లో ఎవరున్నారన్నదే రుజువు. గోడ ఉంటే పొజిషన్ ఉన్నట్టు. పిల్లల్ని ఆడనిస్తే రేపు వాళ్ల వెనక ఎవరొస్తారో తెలీదు. అమెరికాలో ఇల్లు కొన్నప్పుడు టైటిల్ ఇన్సూరెన్సు అని ఒక కాగితం ఇచ్చారు. చదవకుండా సొరుగులో పడేశాను. ఆ నిర్లక్ష్యం ఎంత పెద్ద సుఖమో నాకు కొండాపూర్ ఫోటోలు చూస్తేనే తెలుస్తుంది. డెట్రాయిట్‌లో వంగతోట పండటం వెనక ఆ సొరుగులో కాగితం కూడా ఉంది.

సరే, ప్రైవేటు వాళ్లకి భయం. ప్రభుత్వానికేం భయం? కంచ గచ్చిబౌలి నాలుగొందల ఎకరాల గొడవ మీ అందరికీ తెలిసిందే. 1974లో పుట్టిన సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకున్న నేల. 2003లో ఆటల అకాడమీ కడతామన్న ఐఎంజీ భారతకి ఇచ్చారు, 2006లో రద్దు చేశారు, కోర్టుల్లో నడిచి నడిచి 2024లో ప్రభుత్వానికే వచ్చింది. ఆ ఇరవయ్యేళ్లలో దాన్ని ఎవరూ పట్టించుకోకపోవటమే దానికి మేలు చేసింది. చెట్లు పెరిగాయి, జింకలు తిరిగాయి, నెమళ్లు కూశాయి. గోడ కట్టి బోర్డు పెట్టిన ప్లాటులో పిచ్చి తుమ్మ తప్ప ఏమీ పెరగదు. వదిలేసిన నేలలో అడవే పెరిగింది. ప్రభుత్వం కంటికి అది ఖాళీగా కనిపించింది. 2025 ఉగాది నాడు బుల్డోజర్లు దిగాయి. ఆ రాత్రి దీపాల వెలుగులో యంత్రాలు, వెనకనుంచి నెమళ్ల అరుపులు, ఆ వీడియోలు ఇక్కడ మా పిల్లల ఫోన్లలోక్కూడా వచ్చాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంది. అప్పటికే వంద ఎకరాల దాకా చెట్లు పోయాయి.

నాకు అర్థం కానిది ఒకటే. మెట్రో స్టేషన్ పక్కన, రోడ్డూ కరెంటూ మురుగు కాలువా అన్నీ ఉన్న చోట, గోడల మధ్య నిద్రపోతున్న ప్లాట్లని ఎవరూ లేపరు. జింకలున్న చోటికి మాత్రం బుల్డోజరు పండగ పూట పరిగెత్తుకుంటూ వెళ్తుంది. ఎందుకంటే అక్కడ యజమాని ఒక్కడే, సంతకం ఒక్కటే. మూడొందల గజాల బావగార్లని వందమందిని కదిలించాలంటే వంద న్యూజెర్సీలకి ఫోన్ చేయాలి.

కదిలించటానికి మార్గాలు లేకపోలేదు. 1976లో పట్టణ భూ పరిమితి చట్టం తెచ్చారు. ఎక్కువ నేల ఉన్నవాళ్లు మినహాయింపుల కోసం దరఖాస్తులు రాసుకుంటూ ముప్పై ఏళ్లు గడిపారు, 2008లో ఆంధ్రప్రదేశ్‌లో దానికి సెలవు చెప్పారు. డెట్రాయిట్‌లో 2023లో అప్పటి మేయర్ మైక్ డగన్ ఇంకో దారి పట్టాడు. కట్టడం మీద పన్ను తగ్గించి నేల మీద పెంచుదాం, స్థలం ఊరికే అట్టిపెట్టుకున్నవాడికి అది బరువవ్వాలి అని. రాష్ట్ర శాసనసభ దాటలేదది. ఈ ఆలోచన హైటెక్ సిటీకి ఎంత బాగా నప్పుతుందో బావగారికి చెప్పబోయాను. "మీరు ఏ పార్టీలో చేరారు బావగారూ?" అన్నారు. ఆ గొంతులో వెటకారం లేదు, నిజంగానే కంగారు పడ్డారు.

అందుకని నా కోరికని బాగా కుదించుకున్నాను. పన్నులొద్దు, చట్టాలొద్దు. పదకొండు నెలల కాగితం ఒకటి చాలు: ఈ స్థలం యజమానిదే, ఆడుకునే పిల్లలకిగానీ కాలనీ సంఘానికిగానీ ఏ హక్కూ రాదు అని కార్పొరేషనే సాక్షి సంతకం పెట్టాలి. అలా ఇచ్చినవాడికి ఆస్తి పన్నులో కాస్త తగ్గించాలి. ఒక వాలీబాల్ నెట్టు, రెండు బెంచీలు, ఓ ఇస్త్రీ బండి. గడువయ్యాక కట్టుకుంటావో అమ్ముకుంటావో నీ ఇష్టం.

"ముందు వాళ్ల చేత సంతకం పెట్టించండి, తర్వాత చూద్దాం" అన్నారు బావగారు. నేను నోరు మూసుకున్నాను. పక్కనుంచి వింటున్న మా ఆవిడ ఫోన్ లాక్కుంది. "అన్నయ్యా, ఆటస్థలం సంగతి దేవుడెరుగు. ఆ రోడ్డు వైపు గోడ రెండడుగులు లోపలికి జరిపించు. ఆడపిల్లలు బస్సుల కింద నడుస్తున్నారు."

రోడ్డు వెడల్పులో ఆ రెండడుగులూ ఎలాగూ పోతాయట. ఊరికే ముందే వదిలేస్తే నష్టమట. కార్పొరేషన్ తీసుకుంటే బదులుగా టీడీఆర్ బాండు ఇస్తుందట, దాన్ని బిల్డర్లకి అమ్ముకోవచ్చట. ఏ రేటుకి అమ్ముడుపోతుందో బావగారు మా ఆవిడకి అరగంట చెప్పారు.