నేనిచ్చిన మష్వరా

"చైన్లొక్కటే మార్పించు భాయిజాన్. స్ప్రాకెట్లు ఇంకో సాల్ లాగుతాయి" అని ఫోన్లో చెప్పింది నేనే. భతీజీ నిఖా దగ్గర పడింది, పైసా పైసా హిసాబ్ చూసుకుంటున్న రోజులు. ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీలో తెలుగు తీసుకుని, పత్రికలో పడ్డవాడికి స్ప్రాకెట్ల సంగతి ఏం మాలూమ్? అయినా చదువుకున్న తమ్ముడు చెప్పాడని భాయిజాన్ విన్నాడు.

భాయిజాన్‌ది పాత బాబ్‌క్యాట్. ఇలాంటి బళ్ళను విశాఖ పోర్టులో క్రేన్‌తో ఓడ కడుపులోకి దింపుతారు. గ్రాబ్‌కు అందకుండా మూలల్లో మిగిలిన సరుకును నెట్టుకొచ్చి కుప్ప పోస్తాయి. టైర్లు పక్కకు మళ్ళవు. ఎడమవి వెనక్కి, కుడివి ముందుకు నడిపితే బండి ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. అసలు ఇది పుట్టింది టర్కీ కోళ్ళ షెడ్డులో పెంట ఎత్తడానికట. 1950ల చివర్లో అమెరికాలోని మిన్నెసోటాలో కెల్లర్ అన్నదమ్ములు కలిసి చేశారు. అన్నదమ్ములు అని చదివినచోట నాకు కొంచెం రష్క్ కలిగింది.

ఒక్కో పక్క ఒక్కో హైడ్రాలిక్ మోటారు. దాన్నుంచి ముందు ఇరుసుకో చైను, వెనక ఇరుసుకో చైను. మొత్తం నాలుగు. అన్నీ బండి నడుం కింద ఆయిల్ పెట్టెలో మునిగి ఉంటాయి, కంటికి కనపడవు. చెవికి మాత్రం వినపడతాయి. ముందుకు పోతూ వెనక్కి మళ్ళించినప్పుడల్లా 'ఠక్' మంటుంది.

కొత్త చైన్లు వేసి ఆరు నెలలు తిరక్కముందే మళ్ళీ ఆ ఠక్. ఈసారి నేనే గాజువాక ఆటోనగర్ వెళ్ళాను.

ఉస్తాద్ చేతులకు తాళం వేసి, బండిని స్టాండ్ల మీద నిలబెట్టి, చక్రాలు ఊడదీశాడు. ఆయిల్ వదిలితే అందులో ఇనుప పొడి మిలమిలా మెరిసింది. చైనును నేలమీద లాగి పరిచి టేపు పెట్టాడు. కొత్తదైతే పన్నెండు లింకులు పన్నెండు అంగుళాలు. ఇది మూడు సూత్ ఎక్కువుంది. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. వందకు మూడు పాళ్ళు పెరిగితే ఇక ఖతం అన్నాడు. ఇనుము సాగదట, ప్రతి కీలులో పిన్నూ బుష్షూ కాస్త కాస్త అరిగి అంత పొడుగవుతుందట.

తర్వాత పాత స్ప్రాకెట్ నా చేతికిచ్చాడు. పళ్ళు కొడవలి ముక్కుల్లా ఒకవైపుకి వంగున్నాయి.

"నయీ జంజీర్, పురానే దాంతాఁ. నిబాహ్ నై హోతా సాబ్" అన్నాడు. ఇంకొకటీ చూపించాడు. ఎడమవైపు ముందు టైరు కొత్తది, వెనకది బోడిది. రెండూ ఒకే మోటారుకు కట్టి ఉన్నాయి కదా, సైజు తేడా అయితే ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ఆ లాగుడంతా చైను మీదే.

చేతులు తుడుచుకుంటూ అడిగాడు: "ఖాలీ చైన్ డాలో బోలా సో కౌన్?"

నేను నోరు తెరవబోయాను.

"మైఁచ్ బోలా" అన్నాడు భాయిజాన్, నా వైపు చూడకుండా.

నేను నోరు మూసుకున్నాను. కంపు కొట్టే ఆ ఆయిల్ ట్రే వైపు చూస్తూ నిలబడ్డాను. నలభై దాటినవాణ్ణి.

నాలుగు చైన్లు, స్ప్రాకెట్లన్నీ, విప్పాం గనక ఇరుసుల సీళ్ళు, ఆ టైరు. బండి వారం రోజులు పనిలేకుండా పడుంది. బిల్లులో సగం నేను కడతానంటే భాయిజాన్ ఒప్పుకోలేదు. బలవంతంగా భాబీ చేతిలో పెట్టొచ్చాను.

మొన్న పొద్దున్నే ఫోన్ చేశాడు. సలాం తర్వాత "సున్" అని ఫోన్‌ను బండి దగ్గర పెట్టాడు. ముందుకు, వెనక్కి, ముందుకు. ఇంజను హోరు తప్ప ఏం వినపడలేదు.