శామీర్‌పేట పెద్ద చెరువు

సికింద్రాబాద్ నుండి ఉత్తర దిశగా అల్వాల్, హకీంపేట, తూంకుంటల మీదుగా రాజీవ్ రహదారిపై సుమారు 24 కిలోమీటర్లు ప్రయాణిస్తే శామీర్‌పేట చెరువు వస్తుంది. మేడ్చల్ నుండి వచ్చేవారికి ఔటర్ రింగ్‌రోడ్డు అనువైన మార్గం. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, జవహర్ జింకల పార్కు ఈ పరిసరాలలోనివే.

సెలవు దినాలలో మా విద్యార్థులను అప్పుడప్పుడు ఇక్కడికి తీసుకువస్తుంటాము. నీటి శుద్ధతను గురించిన ఫిఖ్హ్ పాఠంలో, పది మూరల పొడవు, పది మూరల వెడల్పు గల నీటిని ‘పెద్ద నీరు’గా పరిగణించాలని హనఫీ గ్రంథాలలో చదువుకున్న పిల్లలు, కట్ట మీద నిలబడి ఆవలి ఒడ్డు కేసి చూస్తూ ఇందులో అలాంటి కొలతలు ఎన్ని ఇముడుతాయని లెక్కలు వేస్తారు. ఆ లెక్క ఇంతవరకు ఎవరూ పూర్తి చేయలేదు.

ఇది సహజ సరస్సు కాదు, నిజాంల కాలంలో మానవులు నిర్మించిన జలాశయం. స్కాట్లాండ్‌లో సరస్సును ‘లాఖ్’ అంటారు. ఆ పదం చివరి ధ్వని మన అరబీ ‘ఖా’ను పోలి ఉంటుంది. అక్కడి నెస్ సరస్సు లోతు దాదాపు 230 మీటర్లు. మంచుయుగంలో కదిలిన హిమానీనదాలు నేలను తొలిచిపెట్టగా అలాంటి సరస్సులు ఏర్పడ్డాయి. మన దక్కను పీఠభూమిలో అటువంటి లోయలు లేవు. ఉన్నది నల్లరాతి నేల, నాలుగు నెలల వాన. ఆ వాననీటికి అడ్డంగా కట్ట వేస్తేనే ఇక్కడ చెరువు ఏర్పడుతుంది. హుస్సేన్‌సాగర్‌ను 16వ శతాబ్దంలో కుతుబ్‌షాహీలు ఇలాగే నిర్మించారు. 1908 నాటి మూసీ వరద తరువాత ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) వచ్చాయి.

కట్ట, తూము, మత్తడి, కాలువ: చెరువుకు ఇవన్నీ అవయవాలే. తూము నీటిని ఆయకట్టుకు వదులుతుంది. నిండిన చెరువులో ఎక్కువైన నీరు మత్తడి దుంకుతుంది. ఏ మడికి ఎంత నీరు వదలాలో చూసేందుకు ఊరూరా నీరటివాడు ఉండేవాడు. ఒకప్పుడు వరి, ద్రాక్షతోటలు కనిపించిన ఈ ప్రాంతంలో ఇప్పుడు ప్లాట్ల హద్దురాళ్లు కనిపిస్తున్నాయి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. చెరువు నీరు పరచుకునే భూమిని శిఖం అంటారు. వానలు సరిగా లేని ఏడు నీరు వెనక్కి తగ్గుతుంది, శిఖం బయటపడి మామూలు బీడులా కనబడుతుంది. దానిని చూపించి అమ్మేవారు ఉన్నారు, నమ్మి కొనేవారూ ఉన్నారు. 2012 నాటి భవన నిర్మాణ నియమాల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువు హద్దు నుండి 30 మీటర్ల వరకు, అంతకంటే చిన్న చెరువైతే 9 మీటర్ల వరకు కట్టడాలు ఉండరాదు. 2024లో నగరంలో హైడ్రా కూల్చివేతలు సాగినప్పుడు, ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ముతో ఇల్లు కట్టుకున్న కుటుంబాలు కూడా వీధిన పడ్డాయి. అమ్మినవారు మాత్రం ఆ రోజు అక్కడ లేరు.

కనుక ఈ చుట్టుపక్కల స్థలం కొనదలచిన సోదరులు సర్వే నంబరు తీసుకొని నీటిపారుదల శాఖలోగాని, హెచ్‌ఎండీఏలోగాని ఎఫ్‌టీఎల్ పటం, అనగా చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దును చూపే పటం, అడిగి చూడాలి. బయానా ఇవ్వకముందే చూడాలి. స్థలాన్ని వేసవిలో ఒకసారి చూసి తృప్తిపడక, మంచి వానలు కురిశాక సెప్టెంబరులో మరొకసారి చూస్తే, కాగితం చెప్పనిది నీరే చెబుతుంది.

కుటుంబంతో విహారానికి వెళ్లేవారికి అస్ర్ తరువాతి వేళ అనుకూలం. ఎండ తగ్గుతుంది, కొంగలు గూళ్లకు మరలుతాయి. పిల్లలను నీటిలోకి దిగనివ్వకండి. తూము దగ్గరి లోతు పైకి తెలియదు.