మందు పడని పసినెత్తురు

యాంటీబయాటిక్ వల్ల నెలలోపు బిడ్డకు ఎర్ర రక్తకణాలు చిట్లి నెత్తురు తగ్గిపోవడం అరుదు. అరుదు కాబట్టే వెంటనే తోచదు. పైకి కనిపించేది కామెర్లే. ప్రొద్దుటూరులో నవజాత శిశువుల వార్డు చూస్తే కళ్లకు గంతలు, మొలకు గోచీతో నీలికాంతి కింద పడుకున్న బిడ్డలంతా ఒకేలా ఉంటారు. దీపం ఆపి, గంతలు తీసి, కింది రెప్ప లోపల చూడాలి. మామూలు కామెర్లయితే అక్కడ ఎరుపుంటుంది, కణాలు చిట్లుతుంటే పాలిపోయి ఉంటుంది. పుట్టిన 24 గంటల్లోపే పచ్చబడితే దాన్ని మామూలు కామెర్లు అనుకోకూడదు.

పెన్న వెంబడి జమ్మలమడుగు వస్తే లండన్ మిషన్ నాటి క్యాంప్‌బెల్ ఆసుపత్రి ఉంది. చుట్టుపక్కల పల్లెల బాలింతలను ఇక్కడైనా ఎక్కడైనా అడగాల్సిన మొదటి ప్రశ్న: కాన్పు ముందు ఏ మందులు వాడావమ్మా? మూత్రంలో మంటకు నెలలు నిండాక వేసుకున్న నైట్రోఫ్యురాంటాయిన్, సల్ఫా మాత్రలు బిడ్డకూ చేరతాయి. జీ6పీడీ ఎంజైము లోపించిన బిడ్డ కణాలు వాటికి తట్టుకోలేవు. ఈ లోపం మగపిల్లల్లో ఎక్కువ. ట్రంకుపెట్టెలో కలరా ఉండల మధ్య దాచిన పాత బట్టలు తొడిగినా అదే ముప్పు. కలరా ఉండలు మందు కావు గనుక ఎవరూ చెప్పరు, అడిగి తీరాలి.

పులివెందులలో 1973లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి తండ్రి పేరున ఆసుపత్రి పెట్టేనాటికి సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ ఇంకా రాలేదు. ఇప్పుడు ఏ మందుల షాపులోనైనా ఉంది. పెన్సిలిన్ జాతి మందుల్లాగే ఇదీ కొందరిలో కణాలపై ప్రతిరక్షకాలను ఉసిగొల్పుతుంది. పసిబిడ్డ సొంతంగా వాటిని తయారుచేసుకోవడం అరుదు, మాయ ద్వారా తల్లివి రావచ్చు. అంతకన్నా పెద్ద చిక్కు, ఇది రక్తంలోని అల్బుమిన్ అనే ప్రొటీనును అంటుకున్న బిలిరుబిన్‌ను, అంటే కామెర్ల పసుపు పదార్థాన్ని, విడగొడుతుంది. అలా విడివడింది మెదడుకెక్కే ప్రమాదముంది. కామెర్లున్న నెలలోపు బిడ్డకు ఇది ఇవ్వకూడదు.

నిర్ధారణకు ముందు తల్లీబిడ్డల రక్తం గ్రూపులు, ఆర్‌హెచ్ చూడాలి. ఎక్కువసార్లు కారణం అక్కడే తేలుతుంది. హిమోగ్లోబిన్, బిలిరుబిన్, రెటిక్యులోసైట్ల (కొత్త ఎర్రకణాల) లెక్కతోపాటు, కణాలకు అంటిన ప్రతిరక్షకాలను పట్టే, 1945 నుంచి వాడుకలో ఉన్న కూంబ్స్ పరీక్ష చేయాలి. జీ6పీడీ పరీక్షను మాత్రం కణాలు చిట్లుతున్నప్పుడు నమ్మరాదు. కొత్త కణాల్లో ఎంజైము ఎక్కువుండి ఫలితం మామూలుగా వస్తుంది, కొన్ని వారాలాగి మళ్లీ చేయాలి.

వైద్యంలో మొదటిది కణాలు చిట్లడానికి కారణమైన మందు ఆపడం. అయితే రక్తంలో ఇన్‌ఫెక్షన్ ఉన్న బిడ్డకు యాంటీబయాటిక్ మొత్తంగా మానేస్తే ప్రాణానికే ముప్పు, డాక్టరు మరో మందుకు మారుస్తారు. తర్వాత నీలికాంతి, అవసరమైతే రక్తం ఎక్కించడం, బాగా ముదిరితే రక్తమార్పిడి. తల్లులు కాన్పుకు ముందూ తర్వాతా డాక్టర్లు రాసిన మందుల చీటీలన్నీ దాచి, బిడ్డతోపాటు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.