మూత్రపరీక్ష - ఇంటియందలి జాగ్రత్త

ఈ శీర్షికను జూచి కొందరు పుట త్రిప్పివేయుదురేమో. నోములను, కుట్టుపనిని, శిశుపోషణమును గూర్చి వ్రాయు పత్రికలో మూత్రమును గూర్చి వ్రాయుట తగునా యని అడుగువారును ఉందురు. మన పూర్వులకు ఈ సంకోచము లేదు. యోగరత్నాకరమున చెప్పిన అష్టస్థాన పరీక్షలలో నాడి తరువాతిది మూత్రమే. తెల్లవారుటకు ముందే రోగిని లేపి, తొలిధారను విడిచి, నడిమిధారను గాజుపాత్రలో పట్టి, అందు నూనెబొట్టు వేసి చూడవలెనని అందు గలదు. ఆ నూనెబొట్టు చెప్పు ఫలమును నేటి వైద్యులు నమ్మరు; మేమును నమ్మము. అయినను ఏ వేళ పట్టవలెను, దేనిలో పట్టవలెను అను విచారణ పరీక్షకంటె ముందు జరుగవలసినదని ఆ గ్రంథకర్త లెరిగిరి. నేటి ప్రయోగశాలలును మనలను అడుగునది అదియే.

హార్మోనులనగా మన దేహమందలి గ్రంథులు నెత్తురులోనికి విడుచు రసములు. అవి తమ పని ముగిసిన పిదప కాలేయము మొదలగు చోట్ల రూపు మారి, నీటిలో కరుగునవై, మూత్రముతో వెలికి వచ్చును. ఇట్లు రూపు మారిన వానిని మెటబొలైటులందురు. 1929లో జర్మనీలో బ్యూటెనాంట్, అమెరికాలో డాయిసీ, ఈస్ట్రోను అను స్త్రీహార్మోనును మొట్టమొదట వేరుచేసినది గర్భిణుల మూత్రమునుండియే. ఇంతటి విద్యకు ఆధారమైన వస్తువును పేరెత్తుటకు సిగ్గేల?

నెత్తురు తీసి చూచిన ఆ క్షణపు సంగతి తెలియును. కార్టిసాలు అను హార్మోను ఉదయమున హెచ్చి రాత్రి తగ్గును. అడ్రినలీను ఒక్కొక్కప్పుడు ఉప్పెనవలె వచ్చి పోవును. అందుచేత కొన్ని వ్యాధులయందు 24 గంటల మూత్రమంతయు చేర్చి పరీక్షింతురు. ఉదయము లేవగానే వచ్చినదానిని పారవేసి, ఆ వేళను వ్రాసికొని, అది మొదలు ప్రతిసారి వచ్చినదానిని డబ్బాలో పోసి, మరునాడు అదే వేళకు వచ్చినదానిని గూడ చేర్చి ముగింపవలెను. వినుటకు ఇంత సులభము. ఆచరణలో ఏమగునో మా ఇంటనే చూచితిమి.

మా తోడికోడలికి నలువది యేండ్లు. ఉన్నట్లుండి గుండె దడదడ కొట్టుకొనుట, తల పగులునట్లు నొప్పి, ఒడలంతయు చెమట. కొంత సేపటికి మరల మామూలు. రక్తపుపోటు ఆ వేళ మిక్కిలి హెచ్చుచుండెను. ఇంటివారు బెంగ యనిరి, ఇరుగుపొరుగువారు గాలి సోకినదనిరి. వైద్యుడు మాత్రము మూత్రపిండముల పైనుండు అడ్రినలు గ్రంథులయందు కంతి యుండునేమోనని శంకించి, కాటెకోలమైనులకును వాని మెటబొలైటులైన మెటానెఫ్రినులకును పరీక్ష వ్రాసెను.

ఒక ప్రయోగశాల కుర్రవాడు డబ్బా ఇచ్చి పోయెను. ఒక్క మాటయు చెప్పలేదు. అడుగున నున్న కొద్ది ద్రవము ఆ పరీక్షకై పోసిన హైడ్రోక్లోరికు ఆమ్లము. పనిమనిషి దానిని మురికినీరనుకొని శుభ్రముగా కడిగి బోర్లించెను. వైశాఖమాసము. "పాలు పెరుగు పెట్టే పెట్టెలో అదేమిటే!" అని అత్తగారు గుమ్మములో నిలుచుండగా డబ్బా పెరటి అరుగుమీదికి పోయెను. మధ్యాహ్నము తోడికోడలు పేరంటమునకు పోయి వచ్చెను. అక్కడ రెండుసార్లు పోయినది లెక్కలోనికి రాలేదు. పరాయి ఇంట డబ్బా చేతబట్టుకొని తిరుగు ధైర్యము ఏ స్త్రీకి గలదు? ఫలితము మామూలేనని వచ్చెను. "నేను చెప్పలేదూ, అంతా బెంగే," అని అందరును ఊపిరి పీల్చుకొనిరి. ఆమె మాత్రము ఊరక కన్నీరు పెట్టుకొనెను. తన బాధ అబద్ధమని కాగితముమీద వ్రాసి ఇచ్చినట్లయ్యెను గదా.

వైద్యుడు ఆ కాగితమున మరియొక వరుసను చూచెను: క్రియాటినిను. ఇది కండరములనుండి వచ్చు వ్యర్థపదార్థము. ఒక మనిషికి దినమునకు ఇంచుమించు ఒకే పరిమాణమున పోవును. అది మిక్కిలి తక్కువగా నున్నచో డబ్బాలోనికి దినమంతటి మూత్రము చేరలేదని యర్థము. మరల చేయుడనెను. ఈసారి మావారు థర్మోకోలు పెట్టెలో మంచుగడ్డలు నింపి స్నానాలగది ప్రక్కన ఉంచిరి. అత్తగారి మడికి భంగము లేదు, డబ్బాకు వేడి లేదు. తోడికోడలు ఆ దినము గడప దాటలేదు. ఫలితము హద్దునకు ఎన్నో రెట్లు పైన వచ్చెను. స్కానులో కుడివైపు కంతి కనబడెను, శస్త్రచికిత్స యయ్యెను, ఆ దడ మరల రాలేదు. మొదటిసారి ఆమ్లము పోవుటవలననా, ఎండవలననా, పేరంటమువలననా ఫలితము తప్పినదని అడుగగా, మూడింటిని విడదీసి చెప్పుట తనవలన కాదని వైద్యుడనెను.

ఇక కారణములు. కాటెకోలమైనులు ఆమ్లమునందు నిలుచును, క్షారమునందు చెడును. మూత్రము వేడికి ఉన్నకొలది సూక్ష్మజీవులు పెరిగి, అందలి యూరియాను అమోనియాగా మార్చును. అంతట అది క్షారమగును. పాలు బయట నుంచిన విరుగుట మన మెరుగుదుము; ఇదియు నట్టిదే. స్త్రీహార్మోనుల సంగతి వేరు. కాలేయము వానికి గ్లూకురోనికు ఆమ్లమును జతపరచి పంపును. కొన్ని సూక్ష్మజీవులయందు ఆ జతను విడదీయు ఎంజైము గలదు. ప్రయోగశాల వెదకునది జతగా నున్న రూపమును. సీసాలో మిగిలినది విడిపోయినది. లెక్క తప్పక యేమగును? కావున మూత్రమును 2 మొదలు 8 డిగ్రీల చల్లదనమున ఉంచుదురు. ఎక్కువ దినములు నిలువయుంచవలసిన గడ్డకట్టింతురు.

ఆమ్లమున్న డబ్బాలో నేరుగా పోయరాదు, ఒడలు కాలును. వేరొక శుభ్రమైన చెంబులో పట్టి మెల్లగా పోయవలెను. అన్ని పరీక్షలకు ఆమ్లము పనికిరాదు; కార్టిసాలునకు పలుచోట్ల ఆమ్లము లేని డబ్బాయే ఇత్తురు. ఒక పరీక్షకు తెచ్చిన డబ్బాను మరియొకదానికి వాడుట మితవ్యయము కాదు. కార్టిసాలు పరీక్షనాడు మేలని తలచి బిందెడు నీరు త్రాగువారున్నారు. దినమునకు 5 లీటర్లకు మించినచో ఫలితము హెచ్చుగా కనబడవచ్చును. సెరటోనిను మెటబొలైటునకు చేయు పరీక్షకు ముందు మూడు దినములు అరటిపండు, అనాస, టమాట, అక్రోటు మానుమందురు. టమాటపప్పు లేని పూట మన ఇండ్లలో అరుదు గనుక ముందుగానే వంటవారితో చెప్పవలెను. వాడుచున్న మందులన్నియు, తామరకు పూయు లేపనము సయితము, వైద్యునకు చెప్పవలెను. తమంత తాము మానరాదు.

డబ్బా అంతయు పంపుమన్నచో అంతయు పంపుడు. ఒక చిన్న సీసాడు మాత్రమే కోరినచో, ముందు మొత్తము కొలిచి వ్రాసికొనుడు. చల్లబడిన మూత్రమున లవణములు అడుగున పేరుకొనును. మజ్జిగను కలిపినట్లు బాగుగ కలిపిన పిమ్మటనే సీసాలో పోయవలెను. పైతేట పోసి పంపిన పైతేట లెక్కయే వచ్చును. సీసామీద పేరు, మొదలిడిన వేళ, ముగించిన వేళ, మొత్తము ఎన్ని మిల్లీలీటర్లో వ్రాయవలెను. పెన్సిలుతో వ్రాసినచో మంచుతడికి చెదరదు.