ఇంటిముంగిట ఇంజను నూనె మార్చుట

ఇనుము ఇనుముతో ఒరయు చోటనెల్ల నడుమ కొంచెము నూనె యుండవలయును. ఈ సత్యమును మన పల్లెలవారు యంత్రశాస్త్రము చదివి నేర్చుకొన్నవారు కారు. గుంటూరు సీమలో పత్తి బోరెములు ఎడ్లబండ్లమీద బయలుదేరిన దినములలో, బండి ఊరి పొలిమేర దాటకమునుపే ఇరుసునకు కందెన వేయుట రైతు ధర్మమై యుండెను. ఆముదములో గడ్డి కాల్చిన మసి కలిపి నూరిన నల్లని ముద్దయే కందెన. అది తరిగిన బండి కీచుమని యరచును. ఇరుసు వేడెక్కి యరుగును. ఎడ్లకు లాగుట భారమగును. మా తాతయ్య బండి తోలిన కాలమువారు. "బండి అరచుచున్నదనగా అడుగుచున్నదని యర్థము. అడిగిన తరువాత పెట్టుట కాదు, అడుగకమునుపే పెట్టవలెను" అని యాయన పలుమారు మాతో చెప్పెడివారు.

ఇప్పుడు మన పల్లెలలో ఎడ్లబండ్లు అరుదైనవి. పొలమునకు పోవుటకును, ఎరువు బస్తా తెచ్చుటకును, పిల్లలను బడికి చేర్చుటకును, రోగిని ఆసుపత్రికి కొనిపోవుటకును మోటారుసైకిలే గతియైనది. ఈ యంత్రము చరిత్ర మిక్కిలి ప్రాచీనమైనది కాదు. జర్మనీ దేశమున నికొలాస్ ఆటో యను నాతడు 1876వ సంవత్సరమున నాలుగు స్ట్రోకుల ఇంజనును నిర్మించెను. 1885లో డైమ్లరు, మైబాక్ అను నిరువురు పెట్రోలు ఇంజనును కొయ్యచట్రమున బిగించి రెండు చక్రముల వాహనమును సిద్ధము చేసిరి. మన దేశమున 1955లో మద్రాసునందు బుల్లెట్టు బండ్ల కూర్పు ప్రారంభమైనది. 1985లో సి.డి. 100 అను నాలుగు స్ట్రోకుల చిన్న బండి వచ్చి, కొలది పెట్రోలుతో చాల దూరము పోవుటచే పల్లెలకు చేరువయైనది.

అంతకుముందు చిన్న బండ్లలో పెక్కు రెండు స్ట్రోకులవి. వానియందు నూనెను పెట్రోలుతో కలిపి పోసెడివారు. అది పెట్రోలుతోపాటు కాలి పొగయై పోయెడిది. నాలుగు స్ట్రోకుల బండియందు అట్లు కాదు. నూనె ఇంజను అడుగున నిలిచి, పైకి పోవుచు క్రిందికి దిగుచు, అదే నూనె వేలకొలది కిలోమీటర్లు సేవ చేయును. ఆ సేవలోనే మలినమగును. కాబట్టి దానిని కాలము తప్పక తీసివేసి క్రొత్తది పోయవలసి యున్నది. ఇచట నొక వింత చెప్పెదము. ఇంగ్లండు దేశమున 1909లో కాస్ట్రాల్ అని పేరిడిన ఇంజను నూనెకు ఆ పేరు వచ్చుటకు అందు కలిపిన ఆముదమే కారణము. ఆముదమును ఆంగ్లేయులు కాస్టరు నూనె యందురు. మన మెట్టచేల గట్లమీది ఆముదపు గింజ ఎడ్లబండి ఇరుసుకును, తొలినాటి మోటారు ఇంజనుకును గూడ అన్నము పెట్టినది!

ఈ పని ఇంటిలోనే చేసికొనవలయునని మాకు తోచుటకు ఒక కారణము కలదు. మాకు రెండెకరముల సొంత నల్లరేగడియు, మూడెకరముల కౌలుచేనును కలవు. కొన్ని యేండ్ల క్రిందట ఫిబ్రవరి మాసమున మిరపకాయ కోయించి కళ్లములో ఎండబోసి యుంటిమి. ఒకనాటి సాయంకాలము అకాలమేఘము క్రమ్మెను. ఉన్న పట్టలు చాలకుండుటచే మా నాన్నగారు బండిమీద పట్టణమునకు పోయి మరికొన్ని పట్టలు అద్దెకు తీసికొని మరలిరి. ఊరు ఇంక రెండు క్రోసులుండగా బండి ఒక్కసారి గొంతు పట్టినట్లై నిలిచిపోయెను. ఆయన బండిని త్రోసికొనుచు కళ్లము చేరునప్పటికి వాన వెలిసి యుండెను. అమ్మయు, అక్కయు, మేమును ఉన్న పట్టలను, చివరకు ఇంటి దుప్పట్లనుగూడ కప్పి కాపాడినది కాపాడితిమి. మిగిలినది తడిసి తెల్లబారి తాలుకాయ యయ్యెను. తాలుకాయకు మిరప యార్డులో ఎఱ్ఱకాయ ధర రాదని మన సీమవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

మరునాడు ఇంజను విప్పించి చూడగా లోన నున్న కొలదిపాటి నూనె తారువలె చిక్కనై యుండెను. పదిదినములకు ముందే ఒక దుకాణమున క్రొత్త నూనెకు సొమ్ము తీసికొని యుండిరి. కాని అడుగు బోల్టుచుట్టు పాత మట్టి పెళ్ళ చెదరక యట్లేయుండెను. బోరు చేయించి, పిస్టను, రింగులు మార్చుటకు క్వింటా కాయ ధరలో సగమునకు పైగా వ్యయమైనది. పోట్లాడబోవుదమని మేమనగా నాన్నగారు, "అబ్బాయీ, కోపమువలన తాలుకాయ ఎఱ్ఱబడదు. ఎద్దుకు దాణా మన చేతితో పెట్టుకొనలేదా? దీనికిని అంతే" అనిరి. అమ్మ, "ఇకమీదట ఆ పని మన ముంగిటనే, నా కన్నులయెదుటనే జరుగవలెను" అని తీర్మానించెను. నాటినుండి నేటివరకు మా యింట అదియే శాసనము.

మొదట నూనె చేయు పని యేమో తెలిసికొనుట మేలు. అది ఐదు పనులు చేయును. లోహముల నడుమ పలుచని పొరయై యొరపిడిని తగ్గించును, కాగిన భాగములనుండి వేడిని కొనిపోవును, మసిని, సన్నని లోహపు పొడిని తనలో పట్టుకొని లోపలి భాగములను శుభ్రముగా నుంచును, పిస్టను రింగుల సందులను కొంతవరకు మూసి శక్తి జారిపోకుండ చేయును, తుప్పును నివారించును. పెక్కు మోటారుసైకిళ్ళలో గేర్లును, క్లచ్చు పళ్ళెములును గూడ ఆ నూనెలోనే మునిగి యుండును. కావున కారునకు పోయు నూనె చవుకగా దొరకినను మోటారుసైకిలునకు పోయరాదు. కారు నూనెలలో కొన్నిటియందు జారుడును హెచ్చించు మందులు కలుపుదురు. వానివలన క్లచ్చు పట్టు తప్పును. డబ్బామీద "జాసో యం.ఏ." అను గురుతు చూచి కొనవలయును.

డబ్బామీద 10 డబ్ల్యు 30 అనియు, 20 డబ్ల్యు 40 అనియు అంకెలుండును. డబ్ల్యు అను నక్షరము ఆంగ్లమున శీతకాలమును సూచించును. మొదటి అంకె చలిలో నూనె ఎంత సులువుగా పారునో తెలుపును. రెండవ అంకె కాగినప్పుడు ఎంత చిక్కదనము నిలుచునో తెలుపును. ఎండలకు పేరుమోసిన రెంటచింతల మన పల్నాటిలోనిదే కదా యని చిక్కని నూనెను స్వబుద్ధితో ఎంచుకొనరాదు. బండితో నిచ్చిన పుస్తకమున నేమి వ్రాసియున్నదో అదియే ప్రమాణము. ఎన్ని కిలోమీటర్లకు మార్చవలయునన్నదియు అందే యుండును. బండినిబట్టి ఆ గడువు మారును. అయితే నల్లరేగడి దుమ్ములోను, పత్తి పీచు ఎగురు త్రోవలలోను, బరువుతో మెల్లగా పోవు బండ్లకు గడువును కొంత తగ్గించుకొనుట వివేకము. గాలి వడపోతనుగూడ అప్పుడే దులిపి చూడవలయును. అది చినిగినచో దుమ్ము లోనికి పోయి ఎంత మంచి నూనెనైనను పాడుచేయును.

ఇక విధానము. బండిని మూడు నాలుగు నిమిషములు నడిపి ఇంజనును గోరువెచ్చగా చేయుదుము. చల్లని నూనె జిగటగా నుండి సగము లోపలనే నిలిచిపోవును; మిక్కిలి కాగినది చేతులు కాల్చును. పిమ్మట సమతలమున నడిమి స్టాండు వేసి నిలిపి, ఇంజను క్రింద పాత బేసిను పెట్టుదుము. అడుగు బోల్టుచుట్టు మట్టిని గుడ్డతో తుడిచి, పైనున్న నూనెమూతను వదులు చేయుదుము. గాలి పైనుండి చొచ్చినగాని నూనె క్రిందికి నిండుగా దిగదు. కుండకు గాలిసందు లేనిచో నీరు గుటగుటమని ఆగి యాగి పడునట్లే యిదియు. మా బండి బోల్టునకు 17 మిల్లీమీటర్ల పానా సరిపోవును. కడపటి మరలు చేతితోనే త్రిప్పి, చేతిని వెంటనే ప్రక్కకు తీయవలయును.

నూనె ధారగా దిగుచుండగా తొందరపడరాదు. ఒక పావుగంట చుక్కచుక్కగా దిగనిత్తుము. ఆ సమయమున చూడవలసినది చాల కలదు. నూనె నల్లబడుట దోషము కాదు. మసిని తనలోనికి తీసికొన్నదనుటకు అది గురుతు. పాలు కలిసినట్లు తెల్లగా నున్నచో నీరు చేరినదని తెలిసికొనవలయును. మెరయు లోహపు పెంకులు కనబడినచో లోన నేదియో విరుగుచున్నదన్నమాట. అప్పుడు మంచి మెకానిక్కును పిలువవలయును. కొన్ని బండ్లకు కాగితపు వడపోత యుండును. కొన్నిటికి జల్లెడ మాత్రమే యుండును. పుస్తకము చెప్పినచోట దానిని మార్చుటయో, కడుగుటయో చేయవలయును.

బోల్టునకున్న చిన్న లోహపు వాషరు నలిగియున్న క్రొత్తది వేయుదుము. బోల్టును మొదట చేతితోనే ఎక్కించి, మర సరిగా కూర్చున్న పిదపనే పానా పెట్టుదుము. ఇచట బలము చూపుట తగదు. ఇంజను తొడుగు అల్యూమినియముతో చేసినది. ఎక్కువగా బిగించినచో మరలు చెడి, పైసా పని వేయిరూపాయల పని యగును. పిమ్మట గరాటుతో క్రొత్త నూనె పోయుదుము. మా చిన్న బండికి లీటరునకు కొంచెము తక్కువగా పట్టును. కొలజాడీతో కొలుచుట మా అక్క పని. ఆమె కంటికి పది మిల్లీలీటర్లు తప్పిపోవు. మూత పెట్టి, ఇంజనును రెండు మూడు నిమిషములు నడిపి, ఆపి, మరి కొన్ని నిమిషములు తాళి, కొలపుల్లతో చూచెదము. నూనె పై గీతకును క్రింది గీతకును నడుమ నుండవలయును. తక్కువైనచో అరుగుదల, ఎక్కువైనచో నురుగు, వేడి. కుడుచుటయందువలెనే ఇందును మితమే హితము.

ఇంతవరకు పని సగమే యైనది. తీసిన పాత నూనెను ఏమి చేయవలయును? పెక్కుమంది మురుగుకాలువలో పారబోయుదురు. కొందరు చెదలకని గోడమొదట పోయుదురు. కొందరు గేదె పుండ్లకు రాయుదురు. ఇవి యన్నియు కూడని పనులు. వాడిన నూనెలో లోహపు పొడియు, అసంపూర్ణముగా కాలిన పెట్రోలునుండి పుట్టిన విషపదార్థములును ఉండును. వానిలో కొన్ని చర్మమునకు తరచు తగిలినచో పుట్టకురుపును కలిగింపగలవి. కావుననే మేము చేతులకు తొడుగులు వేసికొందుము. ఒక్కమారు మార్చిన కారు నూనె పదిలక్షల గాలనుల మంచినీటిని చెరచగలదని అమెరికా పర్యావరణ శాఖవారు హెచ్చరించియున్నారు. మన దేశమునందును 2016వ సంవత్సరపు నిబంధనలలో వాడిన నూనెను అపాయకరమైన వ్యర్థముగా పరిగణించియున్నారు.

మన సీమవారికి ఈ మాట మరింత ముఖ్యము. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు వదలిరి. ఆ కుడికాలువ నీరు గుంటూరు, ప్రకాశము మెట్టలకు పంటను మాత్రమే తెచ్చినది కాదు. పెక్కు గ్రామముల మంచినీళ్ళ చెరువులను నింపుచున్నది. మా ఊరి చెరువును ఆ నీరే నింపును. మురుగులో పోసిన నూనె వానకు కొట్టుకొనిపోయి ఎక్కడికి చేరునో పల్లమెరిగిన వానికి తెలియును. కావున మేము పాత నూనెను మూతగల డబ్బాలో పోసి, "పాత నూనె" యని పెద్ద అక్షరములతో వ్రాసి, పిల్లలకందని చోట నుంచి, అది నిండిన పిదప దానిని కొనువారికి ఇత్తుము. దానిని శుద్ధిచేసి మరల నూనెగా మార్చు కర్మాగారములు కలవు. చేతులు తుడిచిన నూలు పీచునుగూడ పొయ్యిలో వేయము. ఆ పీచు నూలుమిల్లులలో మిగిలిన వ్యర్థము. ఏ చేని పత్తియో తుదకు మన చేతి మసి తుడుచుటకు వచ్చినది.

మెకానిక్కుల వృత్తిని చులకన చేయుట మా యుద్దేశము కాదు. ఎండలో రోడ్డుప్రక్కన కూర్చుండి పరుల బండ్లను బాగుచేసి నిజాయితీగా బ్రదుకువారు మన పట్టణములలో ఎందరో కలరు. పని తెలిసిన యజమానుని ఎదుట మంచి పనివాని విలువ హెచ్చునేగాని తగ్గదు. తెలియనివానికి మంచి పనియు చెడ్డ పనియు నొక్కటియే. సొమ్ము ఇచ్చుట యొక్కటే వానికి తెలిసిన విద్య.

బాలబాలికలారా! మీ యిండ్లలోనూ ఇట్టి బండి యొకటి యుండును. అది మీ తల్లిదండ్రుల చెమటతో కొన్నది; మీ జీతములును, పుస్తకములును దానిమీదనే యింటికి వచ్చినవి. పెద్దవారి యెదుట, వారి యనుమతితో, ఈ పనిని ఒక్కమారు నేర్చుకొనుడు. ఆడపిల్లలకు తగదని ఎవరైన ననిన మా అక్కను చూడుడని చెప్పుడు. ఒక చిన్న నోటుపుస్తకమున తేదీని, కిలోమీటర్లను, పోసిన నూనె కొలతను వ్రాసికొనుడు. మా పుస్తకమున ఇప్పటికి పదునాలుగు వరుసలున్నవి. మొదటి రెండు నాన్నగారి వ్రాత, పిదపవి అక్కవ్రాతయు మా వ్రాతయు. ఆ వరుసలు పెరుగుచున్నంతకాలము, మేఘము పట్టిన సాయంకాలమున మా బండి కళ్లమును చేరునను ధైర్యము మాకు కలదు.