పట్టా కింద గాలి

కోసిగి, ఆదోని, కౌతాళం వైపు నుంచి సుగ్గికి, అంటే కోతల పనికి వలస వచ్చిన కుటుంబాలు గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి ఊళ్లలో మిరప కోతలు అయ్యేదాకా ఉండిపోతాయి. ఒక ఊళ్లో కోత అవగానే గిన్నెలు, బియ్యం మూటలు, పిల్లలు, ముసలివాళ్లు అందరూ ట్రాక్టరు ట్రక్కెక్కి మరో ఊరికి కదులుతారు. ఎండ తగలకుండా పైన పట్టా కట్టి, దుమ్ము రాకుండా చుట్టూ తాళ్లతో బిగిస్తారు. ఇలాంటి ప్రయాణాల తర్వాత ఆసుపత్రికి వచ్చేవాళ్లను చూస్తే, ఎండలో ట్రాక్టరు నడిపినవాడికంటే నీడన కూర్చున్న పసిపిల్లలు, బాలింతలే ఎక్కువగా సొమ్మసిల్లి కనిపిస్తారు. నీడ ఉంది కదా అని ధీమాగా ఉంటాం. ఆ నీడలో గాలి ఆడకపోవడమే అసలు ముప్పు.

మనిషి ఊరికే కూర్చున్నా ఒంట్లోంచి సుమారు 100 వాట్ల వేడి వెలువడుతుంది. ఇరవై మంది ఉంటే 2 కిలోవాట్లు; మూసిన గదిలో హీటరు వేసినట్టే. ఎండకు కాగిన పట్టా, కింద ఇనపరేకు వేడి దీనికి అదనం. చర్మం వేడి 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. చుట్టూ గాలి అంతకు మించి వేడెక్కితే ఒంటికి మిగిలే దారి చెమట ఆరడమొక్కటే. లీటరు చెమట పూర్తిగా ఆరితే సుమారు 580 కిలోకేలరీల వేడి పోతుంది. బిగించిన పట్టా కింద అందరి చెమట ఆవిరీ అక్కడే నిలిచిపోతుంది కాబట్టి చెమట కారుతుందే గాని ఆరదు. ఒంట్లో నీళ్లూ ఉప్పూ పోతాయి, వేడి మాత్రం పోదు. దాహమని నోటితో చెప్పలేని పసివాడికి ఇది మరీ ప్రమాదం.

పట్టా తీస్తే వడగాలి కొట్టదా అని పెద్దవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నలభై డిగ్రీలు దాటాక పొడిగాలి ఒంటిని ఇంకా వేడెక్కిస్తుంది. 2015 మే వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండువేల మందికి పైగా చనిపోయారు. అందుకే ఒక్క గాలి చాలదు, తడి కూడా కావాలి. ఒంటిమీద తడిగుడ్డ ఉంటే అదే గాలి చల్లదనమిస్తుంది. దుమ్ము, మిరప ఘాటు సంగతంటారా, నాలుగు పక్కలా తెరవక్కర్లేదు. మన గూడుబండికి ముందూ వెనకా తెరిచే ఉండేది; పట్టాను కూడా అలాగే కట్టి, కాయల బస్తాలను మనుషులతో కలిపి వేయకపోతే చాలు. అసలు ట్రక్కులో మనుషుల్ని ఎక్కించడమే తప్పు కదా అంటే, నిజమే. 2020 మేలో నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర మిరప కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని ఢీకొని తొమ్మిది మంది పోయారు. బస్సో వ్యానో ఏర్పాటు చేయాల్సిన బాధ్యత కూలీలను పిలిపించుకున్నవాళ్లది. ఆ ఏర్పాటు జరిగేదాకా మాత్రం ట్రక్కులో కూర్చున్న బిడ్డకు గాలి ఆడాల్సిందే.

మేస్త్రీలకూ డ్రైవర్లకూ నా మనవి. తెల్లవారుజామునే బయల్దేరి, ఎండ ముదరకముందే చేరండి. బండి ఆగితే ఉన్న కాస్త గాలీ ఆగిపోతుంది, కాబట్టి భోజనాలకు దిగినప్పుడు నిద్రపోతున్న పిల్లల్ని లోపల వదలకండి, చెట్టు కిందికి ఎత్తుకెళ్లండి. ఎవరైనా పొంతన లేకుండా మాట్లాడినా, పిలిస్తే పలకకపోయినా నోట్లో నీళ్లు పోయకండి. నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి విసరండి. ఒకరు తడుపుతుండగానే ఇంకొకరు 108కి ఫోన్ చేయండి.