రోడ్డు కోసే విద్య

కొత్త రోడ్డు వేయడం అందరూ చూసినదే. పాత రోడ్డును కొలత తప్పకుండా చెక్కి తీయడం కూడా ఒక విద్యయేనని మేము ఇటీవలనే గ్రహించాము. మా వద్ద బి.ఏ. రెండవ సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థి, తండ్రి మంచం పట్టడంతో తరగతులకు రావడం మానివేశాడు. నాచారం రోడ్డు మీద రాత్రివేళ మిల్లింగ్ యంత్రం పని నేర్చుకుంటున్నాడని విని, అతనిని చూడబోయాము. ఒక్క రాత్రితో ముగియవలసిన ఆ పని కొన్ని రాత్రుల పాఠంగా మారినది.

ఆ యంత్రం పొట్ట క్రింద ఇనుప డ్రమ్ము ఒకటి తిరుగుతుంది. దాని చుట్టూ మొనదేలిన పళ్లు. ప్రతి పంటి కొనకు టంగ్‌స్టన్ కార్బైడ్ అనే మహా కఠిన పదార్థం. డ్రమ్ము తారును క్రింది నుండి పైకి చెక్కగా, ఆ ముక్కలు బెల్టు మీదుగా ముందు సాగే టిప్పరులో పడతాయి. వాటిని కొత్త తారు మిశ్రమంలో మరల వాడుకోవచ్చును. హైదరాబాదు పరిసరాల గ్రానైటు శిల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. అట్టి శిల కంకరతో పోరాడి పళ్లు త్వరగా అరుగుతాయి. నీటి జల్లు ఆగితే పళ్లు వేడెక్కడమే కాక, రాతిలోని సిలికా ధూళి పనివారి ఊపిరితిత్తులలో చేరుతుంది. అందుచేత శిష్యునికి మొదటి పాఠం నీటి తొట్టి నింపడం. రెండవది, పగటివేళ ఉప్పల్ పారిశ్రామికవాడలో నిలిపిన యంత్రం క్రింద దూరి అరిగిన పళ్లు మార్చడం. ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకొనిన తరువాతనే డ్రమ్మును తాకవలెనని ఉస్తాద్ ఆజ్ఞ. మూడు నెలలు ఆ రెండు పనులే చేయించారట.

పిమ్మట చేతికి ఇనుప స్కేలు వచ్చినది. యంత్రం ప్రక్కన నడుస్తూ కోత లోతు కొలవడం అతని వంతు. నలభై మిల్లీమీటర్లంటే నలభైయే. ఇంత పట్టుదల ఎందుకని అడిగాము.

"తక్కువ కోస్తే మళ్ల కోయచ్చు సార్. ఎక్కువ కోస్తే ఎవరి నల్లా పైపో పోతది" అన్నాడు.

ఉప్పల్–నారపల్లి వంతెన పని 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగినప్పుడు, దాని క్రింది రోడ్డు గుంతలను గూర్చి అందరూ మాట్లాడారు. రోడ్డు ఎత్తు పెరగడాన్ని గూర్చి మాట్లాడేవారు అరుదు. పాత పొర తీయకుండా కొత్త పొర వేస్తూ పోతే, రోడ్డు లేస్తుంది, ఇల్లు దిగుతుంది. ఈ విద్యార్థి తాత రెండు మెట్లు ఎక్కి ప్రవేశించిన ఇంటిలోకి నేడు మనుమడు ఒక మెట్టు దిగి వెళ్తున్నాడు. వాన పడిన రాత్రి అతని తల్లి కుట్టుమిషనును ఇటుకల మీదికి ఎత్తుతుంది. ఆ ఇరుకు గల్లీలో ఈ పెద్ద యంత్రం తిరగదు. తన ఇంటిని ముంచిన తప్పును ఇతరుల వీధులలో సరిదిద్దే పని అతనికి దొరికినది.

ఒక రాత్రి యంత్రం ముందుకు సాగుతుండగా అతడు చటుక్కున చేయి ఎత్తాడు. ఉస్తాద్ డ్రమ్మును పైకి లేపాడు. అక్కడ సున్నపు గుర్తు లేదు, మూత కనబడలేదు. తారు మీద గుండ్రని తడి చార మాత్రం ఉన్నది. గడ్డపారతో త్రవ్వగా, పాత పొరల క్రింద పూడిపోయిన మ్యాన్‌హోల్ ఇనుప మూత బయటపడినది. డ్రమ్ము దానిని తాకి ఉంటే పళ్లు విరిగి ఎగిరేవి. ప్రక్కన నడిచేవాడు అతడే. "మా గల్లీల గూడ మూత మీద గిట్లనే తడి ఉంటది సార్" అన్నాడు. ఉస్తాద్ ఏమీ అనలేదు. మరునాటి రాత్రి అతనిని తన ప్రక్కన నిలబెట్టుకొని, మొదటిసారిగా లోతు మీటను అతని చేతికిచ్చాడు.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఇది. ఈ యువకుడు తెల్లవారుజామున ఐదు గంటలకు పని ముగించి, తండ్రికి మందు ఇచ్చి, తొమ్మిది గంటల తరగతికి రాలేడు. చదువు మీద విముఖత ఏమాత్రం లేదు. టిప్పరు రాక ఆలస్యమైనప్పుడు దీపస్తంభం క్రింద అతడు మా తెలుగు పాఠ్యపుస్తకం తెరవడం కళ్లారా చూశాము. హాజరు నియమాన్ని సడలించమని మేము కోరడం లేదు. పనిచేసే పిల్లలు హాజరు కాగల సాయంకాలపు వేళలో, వారానికి మూడు దినములైనా తరగతులు నడపమని కోరుతున్నాము. తెలుగు తరగతుల బాధ్యత మేమే వహిస్తాము.

మిత్రులారా, మీ తరగతిలోనూ ఇట్లు రావడం మానినవారు ఉంటారు. ఎక్కడ ఏమి చేస్తున్నారో ఒకసారి వెళ్లి చూడండి. ఈ విద్యార్థి పేరును మేము హాజరుపట్టీ నుండి ఇంకను కొట్టివేయలేదు.